మూడు ఊళ్లు, ఒకటే హెల్మ్ చార్ట్: భద్రాచలం వరద అలారం నేర్పిన కుబెర్నెటీస్ పాఠం

ఈసారి ఫోన్ రివ్యూ లేదు. కెమెరా శాంపిల్స్, బ్యాటరీ టెస్ట్ కూడా లేవు. రాస్‌బెర్రీ పై 4 గురించి, ఇంటెల్ ఎన్100 చిప్‌తో వచ్చే మినీ పీసీల గురించి రాసిన ప్రతిసారీ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "బాగానే ఉంది అన్నా, కొన్నాక దీంతో ఏం చేయాలి?" నేను చేసిన ఒక పని చెప్తాను. అందులో ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను, అది కూడా చెప్తాను.

మా బావకు భద్రాచలంలో మొబైల్ షాపు ఉంది. ఇల్లు కూడా పల్లంలోనే. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు అక్కావాళ్లు ఖమ్మంలో మా ఇంట్లోనే ఉన్నారు. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడటం అదే మొదలు. అక్కడ ఎవర్ని అడిగినా మూడు అంకెలు నోటికే చెప్తారు: 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరద రోజుల్లో అధికారులు నీటిమట్టాన్ని గంటగంటకూ ప్రకటిస్తూనే ఉంటారు. బావ బాధ వేరే. "43 వచ్చాక చెప్తే నేనేం సర్దుకోను? నాకు 41కే చెప్పాలి, అదీ నిద్రలో ఉన్నా లేచేలా."

దానికోసం ఓ చిన్న ప్రోగ్రాం రాశాను. ప్రకటించిన అంకెను బావ తన ఫోన్‌లో ఓ పేజీలో కొడతాడు. షాపులోని టీవీ మీద అది పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. గీత దాటితే ఇంట్లో పెట్టిన స్పీకర్ మోగుతుంది. రాత్రిపూట బావ పడుకుంటే అక్క కొడుకో, పక్కింటి కుర్రాడో అంకె కొడతారు. అధికారుల హెచ్చరికకు ఇది ప్రత్యామ్నాయం కాదు. వాళ్ల అంకెనే ఇంటి లోపల అరిచి చెప్పే ఏర్పాటు, అంతే.

దీనికి కుబెర్నెటీస్ ఎందుకు?

నిజం చెప్పాలంటే ఒక్క చోట పెట్టేటట్టయితే అక్కర్లేదు. డాకర్ కంపోజ్ చాలు, అది కూడా ఎక్కువే అనేవాళ్లుంటారు. కానీ 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ మునిగాక మా వీధివాళ్లు కూడా అలాంటిదే కావాలన్నారు. ఆ తర్వాత చర్లలో జిరాక్స్ షాపు నడిపే మా ఫ్రెండ్ అడిగాడు, వాళ్లకు తాలిపేరు భయం. అలా మూడు ఊళ్లు, మూడు బాక్సులు అయ్యాయి. ప్రోగ్రాం పడిపోతే దానంతటదే లేవాలి. కొత్త వెర్షన్ పాడైతే పాతదానికి వెనక్కి రావాలి. నేను ఖమ్మంలో కూర్చుని మూడింటినీ ఒకేలా ఉంచాలి. ఆఫీసులో రోజూ చేసే పని కుబెర్నెటీస్‌తోనే కాబట్టి అదే పెట్టాను.

పూర్తి కుబెర్నెటీస్ ఈ చిన్న బాక్సులకు బరువు. కే3ఎస్ అనేది 100 ఎంబీ కంటే చిన్న బైనరీగా వచ్చే తేలిక రూపం. 2019లో రాంచర్ ల్యాబ్స్ విడుదల చేసింది. మెషీన్ ఒక్కటే అయినా దానికది క్లస్టరే, లోపల డేటా ఎస్‌క్యూలైట్‌లో ఉంచుకుంటుంది. రాస్‌బెర్రీ పై వాడేవాళ్లకు రెండు సంగతులు: బూట్ సెట్టింగ్స్‌లో మెమరీ సీగ్రూప్ ఆన్ చేయకపోతే కే3ఎస్ లేవదు. ఇక ఎస్‌డీ కార్డు మీద నడపకండి, కరెంటు పోయి వస్తూ ఉంటే కార్డు ఎక్కువ రోజులు నిలవదు. చిన్న ఎస్ఎస్‌డీ తగిలించండి.

కాపీ, పేస్ట్, కష్టాలు

కుబెర్నెటీస్‌కు "ఇది చెయ్, తర్వాత అది చెయ్" అని వరసగా చెప్పం. "చివరికి ఇలా ఉండాలి" అని యామల్ ఫైల్‌లో రాసిస్తాం, ఆ స్థితికి తేవడం దాని పని. డిక్లరేటివ్ అనే మాటకు అర్థం ఇదే. మా ప్రోగ్రాంకు నాలుగు ఫైళ్లు ఉండేవి. డిప్లాయ్‌మెంట్ ప్రోగ్రాంను నడుపుతుంది. సర్వీస్ దానికో అడ్రస్ ఇస్తుంది. కాన్ఫిగ్‌మ్యాప్‌లో హెచ్చరిక అంకెలుంటాయి. పాత అంకెలు పోకుండా కొంచెం డిస్క్ అడిగేది నాలుగోది.

ఖమ్మం బాక్స్ కోసం భద్రాచలం ఫోల్డర్‌ను కాపీ కొట్టి మార్చాను. టీవీ ఆన్ చేస్తే పైన "భద్రాచలం గోదావరి" అని వస్తోంది, కింద మున్నేరు మట్టం. అది చూసి నవ్వుకున్నాం. నవ్వు రాని సంగతి తర్వాత బయటపడింది: కాన్ఫిగ్‌మ్యాప్‌లో 43, 48, 53 అలాగే ఉన్నాయి. మున్నేరుకు మొదటి హెచ్చరిక 16 అడుగులు, రెండోది 24. అంటే మున్నేరు పొంగి మా గడప దాటినా ఆ బాక్స్ నోరెత్తేది కాదు. టెస్ట్ చేస్తుండగా పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

చర్ల వచ్చేసరికి ఇంకో తిరకాసు. తాలిపేరు ప్రాజెక్టు మట్టం చెప్పేది మీటర్లలో, పూర్తిస్థాయి 74 మీటర్లు. యూనిట్ మారింది, దశాంశాలు వచ్చాయి. ఇక ఫోల్డర్ కాపీలతో నెట్టుకురావడం అయ్యే పని కాదు.

హెల్మ్ అంటే ఏంటి?

గోదావరి పక్కన ఉండేవాళ్లకు ఇది చెప్పడం తేలిక. కుబెర్నెటీస్ అనేది గ్రీకు మాట, మన లాంచీ సరంగు లాంటివాడని అర్థం. హెల్మ్ అంటే చుక్కాని. చార్ట్ అంటే సరంగు చేతిలో ఉండే నీటిదారి పటం. హెల్మ్ 2015లో డీస్ అనే కంపెనీలో మొదలైంది. పాత వెర్షన్ 2లో టిల్లర్ అనే భాగం క్లస్టర్ లోపల కూర్చుని ఎక్కువ అధికారాలు చేతిలో పెట్టుకునేది. 2019 నవంబర్‌లో వచ్చిన వెర్షన్ 3లో దాన్ని తీసేశారు. ఎక్కడైనా పాత పాఠంలో టిల్లర్ ఇన్‌స్టాల్ చేయమని కనిపిస్తే ఆ పేజీ మూసేయండి.

పనిచేసే తీరు పెళ్లి శుభలేఖ లాంటిది. కార్డు ఒకటే అచ్చు వేసి, పేరు, ఊరు దగ్గర ఖాళీ వదులుతాం. ఆ కార్డే టెంప్లేట్. ఖాళీల్లో రాసేవి వాల్యూస్. రెండూ కలిపి హెల్మ్ అసలు యామల్ తయారుచేసి క్లస్టర్‌కు పంపుతుంది.

"హెల్మ్ క్రియేట్" అనే కమాండ్ కొడితే ఒక ఫోల్డర్ వస్తుంది. (ఇక్కడ కమాండ్లు తెలుగులో రాస్తున్నా, టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.) అందులో చార్ట్ డాట్ యామల్ అనేది చార్ట్ ఆధార్ కార్డు: పేరు, చార్ట్ వెర్షన్, యాప్ వెర్షన్. ఆ రెండు వెర్షన్లనూ కలపకండి. టెంప్లేట్‌లో ఒక అక్షరం మార్చినా చార్ట్ వెర్షన్ పెంచాలి. ప్రోగ్రాం కోడ్ మారితే యాప్ వెర్షన్ మారుతుంది, దాంతోపాటు చార్ట్ వెర్షన్ కూడా. టెంప్లేట్స్ ఫోల్డర్‌లో ఆ నాలుగు యామల్‌లు, వాల్యూస్ డాట్ యామల్‌లో డీఫాల్ట్‌లు ఉంటాయి. హెల్మ్ క్రియేట్ ఇచ్చే నమూనాలో ఇంగ్రెస్, ఆటోస్కేలింగ్ అంటూ చాలా సరుకు ఉంటుంది. మొదటి రోజే అవన్నీ డిలీట్ చేసేశాను. మనకు అర్థం కాని ఫైల్ మన చార్ట్‌లో ఉండకూడదు.

వాల్యూస్‌లో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ప్రతి లైన్‌నూ వాల్యూస్‌లోకి లాగితే టెంప్లేట్‌లో ఖాళీలు తప్ప ఇంకేం మిగలదు. నేను పెట్టుకున్న లెక్క ఒకటే: ఊరు మారితే మారేది మాత్రమే వాల్యూస్‌లోకి. పోర్ట్ నంబర్ ఊరిని బట్టి మారదు, అది టెంప్లేట్‌లోనే ఉంది. మారేవి ఊరి పేరు, యూనిట్, హెచ్చరిక అంకెలు, డిస్క్ సైజు. అంతే.

మొదట్లో హెచ్చరిక1, హెచ్చరిక2, హెచ్చరిక3 అని మూడు ఖాళీలు పెట్టాను. మున్నేరుకు రెండే కదా, మూడోదాంట్లో ఏం రాయాలి? 999 రాశాను. సిగ్గుపడాల్సిన పని. దాన్ని జాబితాగా మార్చాక సమస్య పోయింది. భద్రాచలం ఫైల్ ఇప్పుడు దాదాపు ఇలా ఉంటుంది:

ఊరు: "భద్రాచలం గోదావరి"
యూనిట్: "అడుగులు"
హెచ్చరికలు:
  - మట్టం: "41"
    మాట: "సామాన్లు పైకి ఎత్తండి"
  - మట్టం: "43"
    మాట: "మొదటి ప్రమాద హెచ్చరిక"
  - మట్టం: "48"
    మాట: "రెండో ప్రమాద హెచ్చరిక"
  - మట్టం: "53"
    మాట: "మూడో ప్రమాద హెచ్చరిక"

మీకు అర్థం కావాలని కీ పేర్లు కూడా తెలుగులో చూపించాను, అసలు ఫైల్‌లో అవి ఇంగ్లిష్‌లో ఉంటాయి. తెలుగులో పెట్టాలని నేనూ సరదాపడ్డాను. హెల్మ్ వాడేది గో భాష టెంప్లేట్లు. అక్షరాన్ని ఒప్పుకుంటాయి గానీ గుణింతం దగ్గరికి రాగానే "ఇది చెల్లని క్యారెక్టర్" అని ఆగిపోతాయి. వాల్యూ మాత్రం తెలుగులో నిక్షేపంగా ఉంటుంది. టెంప్లేట్‌లో రేంజ్ అనే మాటతో ఈ జాబితా మీద తిరుగుతాం. రెండు ఉంటే రెండు లైన్లు, నాలుగు ఉంటే నాలుగు. ఖమ్మం ఫైల్‌లో 16, 24 రాశాను. చర్లది మీటర్లలో, 74కు కాస్త ముందు నుంచి.

జాబితాల గురించి ఒక జాగ్రత్త. విడి కీలు అయితే డీఫాల్ట్‌తో మీ ఫైల్ కలిసిపోతుంది, మీరు రాయనివి డీఫాల్ట్ నుంచి వస్తాయి. జాబితా అలా కలవదు, మొత్తం మారిపోతుంది. మీరు 41 ఒక్కటే రాసి, మిగతా మూడు డీఫాల్ట్ నుంచి వస్తాయనుకుంటే 43, 48, 53 మాయమైపోతాయి. అందుకే మా డీఫాల్ట్ జాబితా ఖాళీగా ఉంటుంది, ప్రతి ఊరూ తన జాబితా పూర్తిగా రాసుకోవాల్సిందే.

అంకెల చుట్టూ కొటేషన్లు ఎందుకున్నాయో కూడా చెప్పాలి. కాన్ఫిగ్‌మ్యాప్ వాల్యూ స్ట్రింగ్‌గానే ఉండాలి, వట్టి 43 అయితే కుబెర్నెటీస్ వెనక్కి కొడుతుంది. టెంప్లేట్‌లో కోట్ అనే ఫంక్షన్ వాడితే సరిపోతుంది. కానీ ఫోన్ నంబర్ దగ్గర కోట్ కూడా కాపాడలేదు. బావ నంబర్‌ను కొటేషన్లు లేకుండా వాల్యూస్‌లో పెట్టాను. హెల్మ్ దాన్ని పెద్ద సంఖ్యగా చదువుకుని, మధ్యలో చుక్క, చివర ఈ ప్లస్ 09 అని సైంటిఫిక్ పద్ధతిలో అచ్చు వేసింది. నంబర్లకు వాల్యూస్ ఫైల్‌లోనే కొటేషన్లు పెట్టండి. అసలు ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు వాల్యూస్‌లో ఉండనే కూడదు. బాక్స్‌లో ముందే ఒక సీక్రెట్ తయారుచేసి, వాల్యూస్‌లో దాని పేరు మాత్రమే ఇస్తున్నాను ఇప్పుడు.

క్లస్టర్‌కు పంపే ముందు "హెల్మ్ టెంప్లేట్" కొట్టండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా, తయారైన యామల్‌ను తెర మీద చూపిస్తుంది. మూడు ఊళ్లకూ మూడుసార్లు కొట్టి కళ్లతో చదువుతాను. స్పేసులు తప్పితే ఎక్కువ అక్కడే దొరుకుతాయి. ఎన్ఇండెంట్ అనే ఫంక్షన్‌కు ఎన్ని స్పేసులో సరిగ్గా లెక్కపెట్టి ఇవ్వాలి, యామల్‌కు ఆ విషయంలో దయాదాక్షిణ్యాలు లేవు.

ఆ రాత్రి ఏం జరిగింది

చార్ట్ అయింది, మూడు చోట్లా పెట్టాను, బాగా నడిచింది. మొదట్లో భద్రాచలం ఫైల్‌లో 43 నుంచే మొదలుపెట్టి ఉంచాను. వానలు మొదలయ్యాక బావ 41 గుర్తుచేశాడు. ఫైల్‌లో 41 చేర్చి "హెల్మ్ అప్‌గ్రేడ్" కొట్టాను. సక్సెస్ అని వచ్చింది. రివిజన్ నంబర్ కూడా పెరిగింది. "అయిపోయింది బావా, నిశ్చింతగా పడుకో" అని ఫోన్ పెట్టేశాను.

ఆగస్టులో ఓ రాత్రి గోదావరి 41 దాటింది. అలారం మోగలేదు. 43కి మోగింది. అప్పటికే వీధిలో జనం లేచి సామాన్లు మోస్తున్నారు. బావ అత్తగారిని, పిల్లల్ని బయటకు తెచ్చాడు, ఆ విషయంలో భయపడేంత ఏం కాలేదు. కింద గదిలో ఉన్న బియ్యం బస్తాలు, వాషింగ్ మెషీన్, సర్వీసుకు వచ్చిన కస్టమర్ల ఫోన్లు ఉన్న డబ్బా ఒకటి పోయాయి. బావ నన్నేమీ అనలేదు. అక్క మాత్రం "నువ్వు చెప్పావనే పడుకున్నాంరా" అంది.

మర్నాడు కూర్చుని చూశాను. కాన్ఫిగ్‌మ్యాప్‌లో 41 ఉంది. నడుస్తున్న పాడ్‌లో లేదు. హెల్మ్ తప్పేం లేదు, అడిగింది చేసింది. నా అప్‌గ్రేడ్‌లో మారింది కాన్ఫిగ్‌మ్యాప్ ఒక్కటే. డిప్లాయ్‌మెంట్‌లో ఒక్క అక్షరం మారలేదు కాబట్టి పాడ్‌ను మళ్లీ లేపాల్సిన అవసరం కుబెర్నెటీస్‌కు కనిపించలేదు. మా ప్రోగ్రాం ఆ అంకెలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌గా తీసుకుంటుంది. అవి పాడ్ పుట్టినప్పుడు ఒక్కసారి చదివేవి, ఆ పాడ్ చచ్చేదాకా మారవు. వాల్యూమ్‌గా మౌంట్ చేసి ఉంటే ఫైల్ కొంతసేపటికి తనే మారేది, అప్పుడైనా ప్రోగ్రాం దాన్ని మళ్లీ చదవాలి. సబ్‌పాత్‌తో మౌంట్ చేస్తే అదీ లేదు.

మందు ఒక్క లైన్. డిప్లాయ్‌మెంట్ టెంప్లేట్‌లో, పాడ్ భాగంలోని యానొటేషన్స్ కింద, కాన్ఫిగ్‌మ్యాప్ ఫైల్ మొత్తానికి ఎస్‌హెచ్ఏ256 చెక్‌సమ్ లెక్కించి పెట్టాలి. టెంప్లేట్‌లో ఆ ఫైల్‌ను ఇంక్లూడ్ చేసి, ఫలితాన్ని ఎస్‌హెచ్ఏ256సమ్ ఫంక్షన్‌కు పంపితే వస్తుంది. కాన్ఫిగ్‌మ్యాప్‌లో 41 చేరగానే చెక్‌సమ్ మారుతుంది. అంటే పాడ్ నిర్వచనమే మారినట్టు, కొత్త పాడ్ పుడుతుంది. ఈ యానొటేషన్‌ను డిప్లాయ్‌మెంట్ పైభాగంలో ఉన్న మెటాడేటాలో పెడితే లాభం లేదు. లోపల, పాడ్ టెంప్లేట్ మెటాడేటాలోనే ఉండాలి. నేను మొదటిసారి పైనే పెట్టి ఇంకో గంట పోగొట్టుకున్నాను. ఈ చిట్కా హెల్మ్ అధికారిక డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. నేను ఆ పేజీ ఎప్పుడో చదివాను కూడా.

ఆటోమిక్ అనే ఆప్షన్ ఉంది కదా, అది ఆపదా అని మీరు అడగొచ్చు. అప్‌గ్రేడ్ విఫలమైతే అది పాత రివిజన్‌కు తిరిగి తీసుకెళ్తుంది, మంచిదే, వాడండి. దానికి రెడీనెస్ ప్రోబ్ సరిగ్గా రాసి ఉండాలి. కానీ ఆ రోజు ఏదీ విఫలం కాలేదు. పాత పాడ్ ఆరోగ్యంగా, పాత అంకెలతో నడుస్తోంది. అందుకే ఇప్పుడు టీవీ తెర మీద కింద మూలన ప్రోగ్రాం తన లోపల ఉన్న హెచ్చరిక అంకెలను తనే చూపిస్తుంది. అప్‌గ్రేడ్ చేశాక బావకు ఫోన్ చేసి "కింద మూల చదువు" అంటాను. "41, 43, 48, 53" అని చదివాకే ఫోన్ పెడతాను.

దీంతోపాటు వాల్యూస్ స్కీమా ఫైల్ కూడా చేర్చాను. యూనిట్ అడుగులు లేదా మీటర్లే ఉండాలి, హెచ్చరికల జాబితా ఖాళీగా ఉండకూడదు అని అందులో రాశాను. తప్పితే హెల్మ్ ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్ రెండూ మొదట్లోనే ఆగిపోతాయి.

నెట్ లేని చోట

భద్రాచలం నుంచి చర్ల దాదాపు 60 కిలోమీటర్లు, దుమ్ముగూడెం మీదుగా. వానాకాలం సిగ్నల్ ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు లేదు. గోదావరి పెరిగితే రోడ్డు మీదికే నీళ్లు వస్తాయి. అక్కడి బాక్స్ బయటి రిజిస్ట్రీ నుంచి ఇమేజ్ దించుకుంటుందని నమ్మలేం.

అందుకని పెన్‌డ్రైవ్ పద్ధతి. "హెల్మ్ ప్యాకేజ్" కొడితే చార్ట్ అంతా వెర్షన్ నంబర్‌తో ఒక చిన్న కంప్రెస్డ్ ఫైల్ అవుతుంది. నెట్ ఉన్నచోటికైతే దాన్ని ఓసీఐ రిజిస్ట్రీకి పుష్ చేయొచ్చు, హెల్మ్ 3.8 నుంచి ఆ సదుపాయం పూర్తిస్థాయిలో ఉంది. చర్లకు మాత్రం ఆ ఫైల్, కంటైనర్ ఇమేజ్ తార్ ఫైల్ రెండూ పెన్‌డ్రైవ్‌లో వెళ్తాయి. కే3ఎస్ ఏజెంట్ ఇమేజెస్ ఫోల్డర్‌లో ఆ తార్ పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే అదే లోపలికి తీసుకుంటుంది.

ఇక్కడ రెండు గుంతలు. ఇమేజ్ ట్యాగ్ లేటెస్ట్ అని ఉండి, పుల్ పాలసీ రాయకపోతే కుబెర్నెటీస్ ప్రతిసారీ రిజిస్ట్రీకి వెళ్లి అడుగుతుంది. ఇమేజ్ పక్కనే ఉన్నా నెట్ లేకపోతే పాడ్ లేవదు. కచ్చితమైన వెర్షన్ ట్యాగ్ ఇచ్చి, పాలసీ ఇఫ్‌నాట్‌ప్రెజెంట్ పెట్టండి. రెండోది: ఖమ్మం, భద్రాచలం బాక్సులు మినీ పీసీలు, అంటే ఏఎండీ64. చర్లలోది రాస్‌బెర్రీ పై, అంటే ఆర్మ్64. నా ల్యాప్‌టాప్‌లో కట్టిన ఇమేజ్ అక్కడ ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అని చచ్చిపోయింది. మా ఫ్రెండ్ ఫోన్‌లో ఆ ఎర్రర్‌ను ఒక్కో అక్షరం చదివి వినిపించాడు. డాకర్ బిల్డ్‌ఎక్స్‌తో రెండు రకాలకూ ఇమేజ్ కట్టి, ఆర్మ్‌ది బస్సులో పంపాను.

ప్రస్తుతం చార్ట్ వెర్షన్ 0.4.2. మూడు బాక్సుల్లోనూ అదే. చర్లలో 73.5 లాంటి దశాంశాన్ని టీవీ తెర ఇంకా 73 అని కోసి చూపిస్తోంది. అలారం సరైన అంకెకే మోగుతోంది గానీ తెర తప్పు. అది ప్రోగ్రాంలో సరిచేయాలి, చార్ట్‌లో కాదు. వచ్చే ఆదివారం భద్రాచలం వెళ్తున్నాను. బావ ఫోన్‌లో దొంగ అంకె 41.1 కొట్టి, మేడ మీద పడుకున్న అక్కకు వినబడుతుందో లేదో చూడాలి.